అన్నదెవరు

బమ్రోలిలో సాంచలు ఆగిపోయిన రోజు మధ్యాహ్నం మా బాపు కంచం ముందు కూర్చుని, అరచెయ్యి నేలకి ఆనించి చూసి, "ఏందే సమ్మక్కా, భూమి సచ్చినట్టున్నది" అన్నాడు.

ఆయనకి చెవులు ఎప్పుడో మందగించాయి. ముప్ఫై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డవాళ్లకి చెవులు మిగలవు. మా ఇంటి వెనక గోడని ఆనుకునే ఒక ఖాతా ఉంది. సూరత్‌లో మగ్గాల షెడ్డుని ఖాతా అంటారు, మగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. సాంచలు నడుస్తున్నంతసేపూ మా ఇంటి నేల సన్నగా అదురుతూనే ఉండేది. బాపు ఆ చప్పుడుని అరికాళ్లతో వినేవాడు. అది ఆగిపోయింది.

"బంద్ వెట్టుకుంటిరి గదా, ఇంకేం అదురుతది?" అని అవ్వ, అంటే మా అమ్మ, ఆయన చెవి దగ్గర అరిచింది. ఆమె ఒళ్లో చీర ఉంది. చీరల అంచులకి రాళ్లు అతికించే పని ఇంటికి తెచ్చుకుని చేసేది అవ్వ. ఖాతాలు ఆగితే నాలుగు రోజుల్లో ఆ చీరలూ ఆగిపోతాయని ఆమెకి తెలుసు. ఆ కోపం కూడా ఆ అరుపులో ఉంది.

అది మే నెల. మధ్యాహ్నం గల్లీలో కుక్కలు కూడా మురికికాలవ దిగి పడుకునేంత ఎండ. నేసిన మీటరుకి ఇచ్చే రేటు పెంచమని ఏళ్ల తరబడి అడిగి, చివరికి ఆ ఎండలో పని ఆపేశారు. మావాళ్లు, ఒడిశావాళ్లు, అందరూ. బాపు నాయకుడేం కాదు. పెళ్లి కాకముందు జగిత్యాల దిక్కు నుంచి వచ్చి, అప్పటినుంచీ ఒకే సేఠ్ దగ్గర పనిచేస్తున్న కారిగర్. అందరూ ఆగితే ఆయనా ఆగాడు. పొద్దున్నే గల్లీ మొదట్లో గంగారాం చాయ్ దుకాణం ముందు అందరితోపాటు కూర్చునేవాడు. మాటలు వినబడకపోయినా ఎవరైనా నవ్వితే నవ్వేవాడు.

పక్కన ఎప్పుడూ రాజం కాక ఉండేవాడు. ఆయన అసలు పేరు లక్ష్మీరాజం. బాపూ ఆయనా ఒకే ఊరివాళ్లు, ఒకే రైల్లో వచ్చారు, ఒకే ఖాతాలో పక్కపక్క సాంచల మీద పనిచేశారు. రాజం కాకకి చెవులు ఇంకా కొంచెం మిగిలాయి. బాపుకి తెలియాల్సిన మాట ఏదైనా ఉంటే చెవిలో నోరుపెట్టి చెప్పేది ఆయనే.

నేను ఉధనా దర్వాజా దగ్గర ఒక కేబుల్ చానెల్‌లో తెలుగు వార్తలు చదివేదాన్ని. మున్సిపల్ తెలుగు బడిలో చదివినందుకు నాకు దక్కింది ఆ ఉద్యోగమే. సాయంత్రం ఆరింటికి గంటసేపు గుజరాతీలో నగర వార్తలు వస్తాయి. విలేకర్లు, కెమెరాలు, కోటు వేసుకుని కూర్చునే మనిషి, ఏసీ, అన్నీ దానికే. ఆ గంటని కోసి హిందీకి, మరాఠీకి, ఒడియాకి, తెలుగుకి తలా పది నిమిషాలు చేస్తారు. ప్రకటనలు పోగా ఏడు మిగులుతాయి. అవి కూలీలు ఉండే బస్తీలకి మాత్రమే వెళ్తాయి. తెలుగు అన్నిటికంటే చివర, ఏడున్నరకి. నా ముఖం కనబడదు. గొంతు ఒక్కటే.

కోత ఎలా జరుగుతుందో చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. ముందు పోయేవి మనుషుల గొంతులు. ఎవరో ఏడుస్తూనో తిడుతూనో గుజరాతీలో మాట్లాడతారు. దాన్ని తెలుగులో మళ్లీ చెప్పాలంటే రెండింతల సమయం కావాలి. అందుకని వాళ్ల బొమ్మ ఉంచి గొంతు తీసేసి, దాని మీద నా గొంతు పెడతారు. ఆ తర్వాత కారణాలు పోతాయి. ఆ తర్వాత పేర్లు. చివరికి ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎంతమందికి అన్నది మిగులుతుంది. ఒక్కోసారి ఎక్కడ అన్నది కూడా మిగలదు. గుజరాతీలో మూడు నిమిషాలు ఏడ్చిన తల్లి తెలుగులో నోరు తెరిచి మూసినంతసేపు ఉంటుంది.

నాలుగు భాషల కోతా పరేశ్‌భాయ్ ఒక్కడే చేసేవాడు. యాభై దాటిన మనిషి, మెడకి పట్టీ వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నేను ఒక వాక్యం ఎక్కువ రాస్తే, "ఓఛు బోల్, బేటా. ఫోటో బోల్శే" అనేవాడు. తక్కువ మాట్లాడమ్మా, మిగతాది బొమ్మ మాట్లాడుతుంది అని. చెడ్డవాడు కాడు. కానీ ఆయనకి ఒడియా రాదు, తెలుగు రాదు. నిడివి ఎక్కువైతే వాక్యం తోక కోసేవాడు. గుజరాతీలోనూ హిందీలోనూ 'ఫలానావాళ్లు అన్నారు' అనే మాట ముందే వచ్చేస్తుంది, తోక తెగినా పెద్ద నష్టం లేదు. తెలుగులో అది చివరికి గాని రాదు. అది ఆయనకి తెలియదు. ఆ ఎండాకాలం దాకా నాకూ తట్టలేదు.

బంద్ రెండో వారంలో పడ్డాక మా చానెల్ విలేకరి బమ్రోలి వెళ్లాడు. ఎవరు మాట్లాడతారని అడిగితే గుంపంతా ఒక అడుగు వెనక్కి వేసిందట. మాట్లాడినవాడి ముఖాన్ని సేఠ్‌లు గుర్తుపెట్టుకుంటారని అందరికీ తెలుసు. ఆ ప్రశ్న వినబడని మనిషి ఒక్కడే ఉన్నచోటే నిలబడ్డాడు. మైకు ఆయన ముందుకి వచ్చింది.

ఆ ముక్కని నేను ఆఫీసులో చూశాను. బాపు చొక్కా చెమటకి ఛాతీకి అతుక్కుపోయి ఉంది. మైకు ఎందుకో అర్థమయ్యాక కాసేపు నీళ్లు నమిలాడు. తర్వాత, ఖాతాలో సాంచల మధ్య అరిచినట్టే, తనకి వచ్చిన హిందీలో అరిచాడు. ఇంత ఉక్కలో కూడా లోపల పంకా పెట్టరని, పోగు ఎగిరిపోతుందంటారని, దాన్ని ఓర్చుకున్నామని, రేటు మాత్రం పెంచాల్సిందేనని చెప్పాడు. చివర్లో వేలు ఊపుతూ, "సేఠ్‌లోగ్ బోల్‌తే దో దిన్ మే సబ్ ఆజాయేంగే. కోయీ నహీ ఆయేగా. రేట్ బఢేగా, తబ్ ఆయేంగే" అన్నాడు. రెండు రోజుల్లో అందరూ వచ్చేస్తారని సేఠ్‌లు అంటున్నారు, ఎవరూ రారు, రేటు పెరిగితేనే వస్తాం అని.

ఇంట్లో పది మాటలు వరసగా మాట్లాడని మనిషి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"తారా పప్పా?" మీ నాన్నా అని అడిగాడు పరేశ్‌భాయ్. తలూపాను. "సరస్ బోల్యా" అన్నాడు, బాగా మాట్లాడాడని.

గుజరాతీ వార్తల్లో బాపు మాటలు దాదాపు మొత్తం వచ్చాయి. ఆయన తర్వాత, చల్లటి గదిలో కూర్చున్న యజమానుల సంఘం అధ్యక్షుడు వచ్చి, చర్చలు జరుగుతున్నాయి, రెండు రోజుల్లో అన్నీ నడుస్తాయి అన్నాడు. తెలుగులో నాకు దొరికింది మూడు వాక్యాల చోటు. ఇలా రాసుకున్నాను: బమ్రోలిలో మరమగ్గాల కార్మికుల బంద్ కొనసాగుతోంది. మీటరు రేటు పెంచేదాకా పనిలోకి వెళ్లేది లేదని సీనియర్ కార్మికుడు మొండయ్య స్పష్టం చేశారు. రెండు రోజుల్లో సాంచలు మళ్లీ నడుస్తాయని యజమానుల సంఘం అధ్యక్షుడు చెప్పారు.

మరమగ్గాలు అని ఒకసారి అన్నాక రెండోసారి సాంచలు అని కావాలనే రాశాను. మావాళ్లకి దగ్గరగా ఉంటుందని.

అది చదివి రికార్డు చేసేసరికి రాజం కాక ఫోన్ చేశాడు. "మీ బాపు అడుగుమంటుండు లతా. తెలుగుల గూడ అస్తదా?"

"అస్తది కాకా. పేరుతోటి అస్తది."

వెనకాల బాపు, "ఏమన్నది? ఏమన్నది?" అని అడుగుతున్నాడు.

ఆ రోజు అందరితో కలిసి చూడాలని, పరేశ్‌భాయ్‌కి చెప్పి ముందే బయల్దేరాను. వార్తలు మొదలయ్యే వేళకి ఇల్లు చేరాను. గంగారాం దుకాణం మా ఇంటికి ఎదురుగానే. బల్లల మీద, నేల మీద, సైకిళ్ల మీద, గల్లీలో ఉన్న మగవాళ్లంతా అక్కడే ఉన్నారు. బాపు ఉతికిన చొక్కా వేసుకుని టీవీకి దగ్గరగా కూర్చున్నాడు. నేనూ అవ్వా మా గడప మీద నిలబడ్డాం.

మా వార్త మూడోదో నాలుగోదో వచ్చింది. మూసిన ఖాతాల షట్టర్లు కనబడ్డాయి. నా గొంతు, "బమ్రోలిలో మరమగ్గాల కార్మికుల బంద్ కొనసాగుతోంది" అంది. తర్వాత బాపు ముఖం తెర నిండా వచ్చింది. ఎవరో ఈల వేశారు. బాపు పెదాలు కదులుతున్నాయి, వేలు ఊగుతోంది. ఆ ముఖం మీద నా గొంతు స్పష్టంగా చదివింది.

"రెండు రోజుల్లో సాంచలు మళ్లీ నడుస్తాయి."

అంతే. అక్కడితో తెగిపోయి, రేపు ఏయే వార్డులకి నీళ్లు రావో చెప్పడం మొదలైంది.

ఏమైందో నాకు వెంటనే అర్థమైంది. నీళ్ల వార్త ఆఖరి నిమిషంలో వచ్చి ఉంటుంది. దానికి చోటు కోసం పరేశ్‌భాయ్ మధ్య వాక్యం తీసేశాడు, చివరి వాక్యం తోక కోశాడు. బొమ్మ మాత్రం అలాగే ఉంచాడు, అదే మంచి బొమ్మ కాబట్టి. 'నడుస్తాయని'లో చివరి అక్షరం కూడా శుభ్రంగా తెగింది. బాపు నిజంగా 'దో దిన్' అంటున్న చోటే నా 'రెండు రోజుల్లో' పడింది. పెదాలు కూడా కలిశాయి.

దుకాణం ముందున్నవాళ్లు ఒక్కొక్కరే తలతిప్పి బాపుని చూశారు. బాపుకి మాట వినబడలేదు. తెర మీద తన ముఖం కనబడింది, అంతే. ఆయన వెనక్కి తిరిగి, అందరూ తననే చూస్తుంటే, సిగ్గుపడుతూ నవ్వాడు.

నేను పరుగున రోడ్డు దాటాను. అప్పటికే సగంమంది లేచి వెళ్లిపోతున్నారు. బాపు నన్ను చూసి, "మంచిగ అచ్చిందా బిడ్డా?" అని పెద్దగా అడిగాడు. గంగారాం గ్లాసులు కడుగుతూ తల దించుకున్నాడు.

"ఇంటికి పోదాం పా" అన్నాను.

ఇంట్లో ఆయన చెవి దగ్గర నోరుపెట్టి మొత్తం చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఆయనకి వినబడలేదేమో అనుకున్నాను గానీ, వినబడింది. నమ్మబుద్ధి కాలేదు. రెండోసారి చెప్పాక, వేసుకున్న చొక్కా విప్పి మేకుకి తగిలించి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"మరి నువ్వే గద సదివింది" అంది అవ్వ.

"నేను సదివింది వేరే అవ్వా. కోసిర్రు."

"కోసేటోనికి తెలుగు అస్తదా?"

"రాదు."

"రాని భాషల ఎట్ల కోస్తడే?" అంది. రోజూ అలాగే కోస్తున్నారని ఎలా చెప్పను?

మర్నాడు పొద్దున్నే రాజం కాక ఇంటికి వెళ్లాను. ఫోన్‌లో గుజరాతీ వార్తల ముక్క మొత్తం చూపించాను. ఆయన ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాడు. రెండోసారి బొమ్మ చూశాడు.

"మంచిగనే చెప్పిండు" అన్నాడు.

"మరి అందరికి జర నువ్వు చెప్పు కాకా. నీ మాట ఇంటరు."

"చెప్త తీయ్." ఫోన్ నా చేతిలో పెట్టి, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "పోయి డూటీ సూస్కో బిడ్డా. బస్సు పోతది."

ఆఫీసులో పరేశ్‌భాయ్ విని నిజంగానే బాధపడ్డాడు. మెడ పట్టీ సర్దుకుని, తెలుగు ముక్క మళ్లీ పెట్టి చూశాడు. ఆయనకి అందులో తప్పు కనబడలేదు. కనబడే అవకాశం లేదు. నేను ఒక్కో పదం మీద వేలు పెట్టి చెప్పాక, "అరే రామ్" అన్నాడు. కానీ సవరణ వేద్దామంటే ఆలోచనలో పడ్డాడు. నగర వార్తల్లో తప్పు రాలేదు కదా, పైవాళ్లకి ఏమని చెప్పాలి? తెలుగుకి వేస్తే రేపు ఒడియావాళ్లూ అడుగుతారు. చివరికి ఒక్క లైను ఇస్తానన్నాడు. నేను రాసిచ్చాను: నిన్నటి వార్తలో మొండయ్య అన్నట్టుగా వచ్చిన మాటలు ఆయనవి కావు, బంద్ కొనసాగుతోంది.

ఆ రోజు ఎండదెబ్బ వార్తలు ఎక్కువయ్యాయి. నా లైను మర్నాటికి జరిగింది. మర్నాడు వచ్చినప్పుడు దాని తల తెగింది. 'బంద్ కొనసాగుతోంది' అన్నది మిగిలింది, మూసిన షట్టర్ల బొమ్మ మీద.

అప్పటికే బమ్రోలిలో సగం ఖాతాలు నడుస్తున్నాయి.

మా వెనక గోడ అవతల సాంచలు ఆ పొద్దునే మొదలయ్యాయి. ముందు ఒక్కటి, మధ్యాహ్నానికి వరసంతా. బాపు నేల మీద పడుకుని ఉన్నాడు. ఆ అదురు తగిలి కళ్లు తెరిచాడు. ఎవరు పనిలోకి పోయారని అడగలేదు. గల్లీలో డబ్బాలు పట్టుకుని పనిలోకి పోతున్నవాళ్లు మా గడప ముందు నుంచే పోయారు. వాళ్లలో రాజం కాక ఉన్నాడు. మా ఇంటి వైపు చూడకుండా, ఎండ కళ్లలో పడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. సాయంత్రం గంగారాం దుకాణం ముందు షట్టర్ల బొమ్మ వచ్చి, 'బంద్ కొనసాగుతోంది' అని నా గొంతు అన్నప్పుడు, అందరూ నవ్వారట. ఆ మాట అవ్వ చెప్పింది.

రేటు పెరగలేదు. మొండయ్యే పనిలోకి పొమ్మన్నాడు, మొండయ్యే ఒప్పుకున్నాడు అన్న మాట గల్లీలో స్థిరపడిపోయింది. బాపు మాత్రం పనిలోకి పోలేదు. ఎవరి ముందూ 'నేను అనలేదు' అని కూడా చెప్పలేదు. నేను గుజరాతీ ముక్క పట్టుకుని ఇంటింటికీ తిరుగుతానంటే, "ఊకో బిడ్డా" అన్నాడు. అది నాకు కోపం తెప్పించింది. నీ కోసం నువ్వు ఒక్కమాట అనలేవా అని అరిచాను. ఆయన నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

మరో రెండు రోజులకి సేఠ్ కబురు పంపాడు. మొండాభాయ్‌ని కూతుర్ని తోడు తీసుకుని రమ్మన్నాడు, మాట వినిపించాలి కదా.

ఖాతా మీదంతస్తులో చిన్న ఆఫీసు గది. కింద సాంచల మోతకి తలుపు మూసినా గ్లాసులో నీళ్లు నిలకడగా లేవు. సేఠ్ మాకు చాయ్ తెప్పించాడు. బాపుకి ముకాదం పని ఇస్తానన్నాడు. సాంచ మీద నిలబడక్కర్లేదు, తిరిగి చూసుకోవడం, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చెప్పడం. కుర్చీ ఉంటుంది. నెల జీతం.

నేను బాపు చెవిలో చెప్పాను. బాపు సేఠ్‌తో హిందీలో అన్నాడు. "సేఠ్, వో బాత్ మైనే నహీ బోలా." ఆ మాట తను అనలేదని.

సేఠ్ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. అలసిపోయిన నవ్వే. నా వైపు తిరిగి గుజరాతీలో చెప్పాడు. "గుజరాతీ వార్తల్లో మీ నాన్న అన్నది నేను విన్నాను. ఆ రాత్రి నాకు కోపం కూడా వచ్చింది. తెలుగులో అన్నది కూడా మనుషులు వచ్చి చెప్పారు. నాకు ఖాతా నడవాలి, నడుస్తోంది. ఏ భాషలో ఏమన్నాడో నాకెందుకు? ఇప్పుడు మీవాళ్లలో ఆయనతో కూర్చునేవాడు లేడు కదా. ముకాదంకి అదే మంచిది."

అదంతా బాపుకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నా పనంతా పొడుగు మాటని పొట్టి చెయ్యడమే. అక్కడ మాత్రం ఒక్క ముక్క తీయలేకపోయాను. మొత్తం చెప్పాను. ఆఖరి మాటతో సహా.

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నా సాంచలు నాకియ్యమను" అన్నాడు నాతో.

సేఠ్‌కి ఆ తెలుగు అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు. ఆ సాంచలు వేరేవాళ్లకి ఇచ్చేశాడు. ముకాదం పని ఒక్కటే ఉంది. బాపు లేచి సేఠ్‌కి నమస్కారం పెట్టాడు. మెట్లు దిగేటప్పుడు తలుపు సందులోంచి కింద వరసల్లోకి ఒకసారి చూశాడు. ఆయన చోటు ఎక్కడుందో నాకు తెలుసు, అటు చూశాడు. తర్వాత రోడ్డు మీదికి వచ్చాక, "మీ అవ్వకి ఏం చెప్దాం?" అన్నాడు.

అవ్వకి నిజమే చెప్పాం. ఆమె చేతిలో చీర పక్కన పెట్టేసింది. "కూసుండి చేసే పని. కాళ్లు సూస్కున్నవా ఎట్ల వాసినయో? ఇంకెన్నేండ్లు నిలవడుతవ్?" అని అడిగింది. అరవలేదు. అందుకని ఆయనకి వినబడలేదు. ఆమె కూడా మళ్లీ చెప్పలేదు. ఆ వారమంతా ఆ ఇద్దరి మధ్య మాట లేదు. వారం చివర అవ్వే వంట గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది.

మొదటి వానలకి ముందు మేం కడోదరాకి మారిపోయాం. హైవే పక్కన ఒక ఖాతాలో బాపుకి సాంచలు దొరికాయి. అక్కడ అంతా ఒడిశావాళ్లే. వాళ్లకి తెలుగు రాదు, ఆయనకి వాళ్ల మాట రాదు. ఎవరూ ఆయన గురించి ఏమీ విని ఉండలేదు. ఇల్లు చిన్నది. లారీల దుమ్ము లోపలికి వస్తుంది. అవ్వకి ఇక్కడ చీరల పని ఇంకా దొరకలేదు. నేను రెండు బండ్లు మారి ఆఫీసుకి పోతున్నాను.

మానేద్దామనుకున్నాను, నిజమే. ఇంటి అద్దె గుర్తొచ్చి మానలేదు. ఒకటి మాత్రం చేశాను. తెలుగు కోసేటప్పుడు పక్కన కూర్చుంటానని పరేశ్‌భాయ్‌ని అడిగాను. "కుర్సీ ఖేంచీ లే" అన్నాడు, కుర్చీ లాక్కోమని. వాక్యాలు కూడా మార్చుకున్నాను. 'యజమానుల సంఘం అంటోంది, రెండు రోజుల్లో...' అని మొదలుపెడతాను. 'పోలీసులు చెప్పారు, నిందితుడు...' అని. తెలుగు అలా ఉండదు. చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మా బడి టీచరు పద్మారాణి వింటే చెవి మెలిపెట్టేది. కానీ తోక తెగినా ఎవరన్నారో మిగులుతుంది.

వానలు బాగా పట్టాక ఒక సెలవు రోజున రాజం కాక వచ్చాడు. బమ్రోలి నుంచి కడోదరా దాకా తడుస్తూ వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు. అవ్వ తువ్వాల ఇచ్చింది. బాపు చాప జరిపి చోటిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చాలాసేపు వాన గురించి, ఖాతాలో నీళ్లు చేరడం గురించి, ఊళ్లో నాట్ల గురించి రాజం కాక మాట్లాడాడు. అవన్నీ చెవిలో చెప్పాడు, ఎప్పటిలాగే.

తర్వాత చెవి దగ్గర నుంచి ముఖం పక్కకి తీసుకున్నాడు. నేల వైపు చూస్తూ, మామూలు గొంతుతో అన్నాడు. నాతో అన్నాడో, అవ్వతో అన్నాడో తెలియదు.

"అన్నను ఎవ్వలం తప్పువట్టలే. లత ఆ ఫోన్ల సూపించినంక గూడ నేను పోయిన. టీవీల అన్నడని పోలేదు మేము. పోవాలనే ఉండె. ఇంట్ల పిల్లలు, ఎండ, పిండి డబ్బా ఖాళీ. ఎవడన్న ఒకడు అనాలె గదా, పోదాం అని. ఎవనికి నోరు రాలే. టీవీల అచ్చేసరికి అందరికి పానం తెరిపి వడ్డది. పేరు అన్న మీద పడ్డది. మేం పడనిచ్చినం."

అవ్వ కడిగిన బియ్యం గిన్నె చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర నుంచి ఇటు వచ్చింది.

బాపు రాజం కాక పెదాలు కదలడం చూశాడు, మాటలు అందలేదు. నా వైపు తిరిగాడు. "ఏమంటుండే?"

రాజం కాక నన్ను చూశాడు. చెప్పొద్దనలేదు, చెప్పమనీ అనలేదు. నేను బాపు పక్కన కూర్చుని, ఆయన చెవి మీద చెయ్యి అడ్డం పెట్టి, కాక అన్న ప్రతి మాటా కాక అన్న వరసలోనే చెప్పాను. పిండి డబ్బా సంగతి కూడా.

బాపు తల ఊపుతూ విన్నాడు. అయిపోయాక కూడా కాసేపు ఊపుతూనే ఉన్నాడు. బయట లారీ ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"నాకు గూడ పోవాలనే ఉండె, రాజం" అన్నాడు. "నాకే అనేటోడు దొరకలే."

రాజం కాక తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఇంకో పిడికెడు బియ్యం గిన్నెలో వేసింది.